ప్రీ-ఆర్డర్ పేరుతో పట్టి ఉంచిన సొమ్ముకు గడువు తేదీ వేయండి

గేములను విడుదలకు ముందే అమ్ముతున్న ఆన్‌లైన్ స్టోర్ల యాజమాన్యాలకు, డెబిట్ కార్డులు ఇచ్చే బ్యాంకుల అధికారులకు, భారతీయ రిజర్వు బ్యాంకులో చెల్లింపుల వ్యవహారాలు చూసేవారికి,

నమస్కారం.

నేను రాజోలు నుంచి రాస్తున్నాను. ఇక్కడ నాకో చిన్న ఇంటర్నెట్ సెంటర్ ఉంది. పరీక్ష ఫీజులు, కాలేజీ దరఖాస్తులు, గల్ఫ్ వెళ్లేవాళ్ల పాస్‌పోర్టు స్లాట్లు, కరెంటు బిల్లులు, ఇలా కార్డుతోనో ఫోనుతోనో డబ్బు కట్టాల్సిన పని ఏదున్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మా దగ్గరికే వస్తారు. ఈ మధ్య ఈ పనుల్లోకి ఇంకో రకం గోడు వచ్చి చేరింది. ఏదో కొత్త గేము వస్తోందంటే కుర్రాళ్లు ప్రీ-ఆర్డర్ పెడతారు, అంటే విడుదలకు ముందే కొనడానికి ఆర్డరు ఇస్తారు. అందరికంటే ముందు బీటా, అంటే పరీక్ష కోసం ముందుగా తెరిచే ఆట, ఆడుకోవచ్చని వాళ్ల ఆశ. తర్వాత ఏ కారణం చేతో వద్దనుకుని రద్దు చేసుకుంటారు. స్టోరును అడిగితే మేం పైసా తీసుకోలేదంటుంది. ఖాతా చూస్తే డబ్బు ఉండదు.

ఇలా ఇరుక్కునే సొమ్ము మూడు వేలు, నాలుగు వేలు, ఐదు వేలు. మీ లెక్కల్లో అది చాలా చిన్న మొత్తమే కావచ్చు. మా వైపు ఇళ్లల్లో అది ఒక నెల కిరాణా, లేదా ఒక సెమిస్టర్ పరీక్ష ఫీజు, కాలేజీ బస్సు డబ్బులు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అసలు జరిగేదేమిటో మీకు తెలుసు. చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. కార్డు నంబరు కొట్టి ఓటీపీ ఇచ్చాక జరిగేది రెండు అంచెల పని. మొదట స్టోరు తన బ్యాంకు ద్వారా, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్ మీదుగా, కార్డు ఇచ్చిన బ్యాంకును అడుగుతుంది: ఈ ఖాతాలో ఇంత సొమ్ము ఉందా, ఉంటే నా కోసం పక్కన పెట్టు అని. బ్యాంకు సరేనని ఒక ఆథరైజేషన్ కోడ్ పంపుతుంది. ఆ క్షణం నుంచి ఆ డబ్బు ఖాతాదారుడు వాడుకోవడానికి వీల్లేదు. అలాగని స్టోరు చేతికీ చేరలేదు. రెండో అంచెలో, సరుకు ఇచ్చేటప్పుడు, స్టోరు దాన్ని వసూలు చేసుకుంటుంది. అమ్మకం రద్దయితే, పక్కన పెట్టిన సొమ్ము వదిలేయమని రివర్సల్ అనే సందేశం పంపాలి. పంపకపోతే ఆ హోల్డ్, అంటే అలా పట్టి ఉంచడం, దాని కాలం తీరేదాకా అలాగే కూర్చుంటుంది. ఆ కాలం బ్యాంకును బట్టి, కార్డును బట్టి, లావాదేవీ రకాన్ని బట్టి వారం నుంచి నెల దాకా సాగొచ్చు.

హోటల్ గదికీ అద్దె కారుకీ ఈ పద్ధతి సరిపోతుంది. రెండు మూడు రోజుల్లో లెక్క తేలిపోతుంది కాబట్టి. గేము ప్రీ-ఆర్డర్‌కి ఇది అతకదు. విడుదల ఎక్కడో నెలల దూరంలో ఉంటుంది, హోల్డ్ అంతకాలం నిలబడదు. అందుకని ఒక్కో స్టోరు ఒక్కో దారి పట్టింది. స్టీమ్ లాంటి స్టోరు ముందస్తు కొనుగోలు రోజే మొత్తం ధర తీసేసుకుంటుంది. అయితే విడుదలకు ముందు ఎప్పుడు వద్దన్నా వాపసు ఇస్తామని రాసి పెట్టింది. అక్కడ తీసుకున్నామంటే తీసుకున్నట్టే, దాపరికం లేదు. కొన్నిచోట్ల కార్డు పనిచేస్తోందో లేదో చూడటానికి రూపాయో రెండు రూపాయలో పట్టి వదిలేస్తారు, అసలు ధర విడుదల దగ్గర పడ్డాక తీసుకుంటారు. అదీ మంచిదే. మా సెంటర్‌కి గోడు తెచ్చేది మూడో రకం. మొత్తం ధరకీ హోల్డ్ వేయడం, దాని కాలం తీరితే మళ్లీ వేయడం. పాతది వదలకముందే కొత్తది పడిందంటే ఒక్క గేముకి రెండు గేముల డబ్బు ఇరుక్కుంటుంది.

క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లకు దీనివల్ల వాడుకునే పరిమితి కాస్త తగ్గుతుంది, అంతే. చేతిలో డబ్బు చేతిలోనే ఉంటుంది. మా కుర్రాళ్ల దగ్గర క్రెడిట్ కార్డులు ఎక్కడివండీ? ఉండేది అమ్మ ఖాతా తాలూకు డెబిట్ కార్డు. ఆ ఖాతాలో పడేది ధాన్యం డబ్బో, రొయ్యల చెరువు మీద కూలో, కువైట్ నుంచి మస్కట్ నుంచి వచ్చే నెల డబ్బో. అందులో నాలుగు వేలు పక్కన పెడితే ఇంటి ఖర్చులోంచి నాలుగు వేలు పోయినట్టే.

మా దగ్గరికి వచ్చిన ఒక ఇంటి సంగతి చెబుతాను. స్టోరు పేరూ బ్యాంకు పేరూ రాయను. ఒకరిని వీధిలోకి లాగాలని కాదు ఈ ఉత్తరం.

కుర్రాడు డిప్లొమా చదువుతున్నాడు. తల్లి కువైట్‌లో ఇళ్లల్లో పని చేస్తుంది, తండ్రి కొబ్బరి తోటల్లో దింపు పనికి వెళ్తాడు. ఆవిడ పంపే డబ్బు ఆవిడ ఖాతాలోనే పడుతుంది. కార్డు ఇంట్లో బియ్యం డబ్బా పక్కన అరలో ఉంటుంది, ఓటీపీ వచ్చే సిమ్ కుర్రాడి ఫోనులో ఉంటుంది. మా వైపు చాలా ఇళ్లల్లో ఏర్పాటు ఇదే. స్టోరు పేజీలో, విడుదల రోజు దాకా మీ దగ్గర డబ్బు వసూలు చేయబోమని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఉంది. హోల్డ్ సంగతి కింద ఇంకో లింకు నొక్కితే వచ్చే షరతుల్లో ఉంది. వాడు పైనున్నది చదివి ఆర్డరు పెట్టాడు. ఓటీపీ కొట్టగానే బ్యాంకు నుంచి మెసేజీ: ఖాతాలోంచి 4,999 రూపాయలు డెబిట్ అయింది అని.

ఆ మెసేజీని తండ్రి చూశాడు. తోటలో పని వదిలేసి మా సెంటర్‌కి పరుగున వచ్చాడు. "తమ్ముడూ, ఆ 1930కి ఫోను కలుపు, ఎవడో లాగేశాడు" అన్నాడు. మనిషి చేతులు వణుకుతున్నాయి. సైబర్ మోసం జరిగితే వెంటనే ఆ నంబరుకి చెప్పమని బ్యాంకులే ఊరూరా చెప్పాయి కదా, అతను సరిగ్గా అదే చేయబోయాడు. దొంగ లాగేసినా, స్టోరు పక్కన పెట్టించినా మీరు పంపే మెసేజీ ఒక్కటే అయినప్పుడు ఆ తండ్రి ఏమని తెలుసుకోవాలి?

కుర్రాడు వచ్చి విషయం చెప్పాడు. అక్కడే నా ఎదుటే ఆర్డరు రద్దు చేశాడు. రద్దయిందని, కార్డు మీద ఏమీ వసూలు చేయలేదని స్టోరు నుంచి మెయిల్ వచ్చింది. అక్కడితో అయిపోయిందనుకున్నాం. మర్నాటికీ డబ్బు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. బ్యాంకుకు ఫోను చేస్తే, మర్చంట్ నుంచి రివర్సల్ రాలేదు, ఏఆర్‌ఎన్ నంబరు (లావాదేవీని వెతికి పట్టుకునే గుర్తింపు నంబరు) తెమ్మనండి చూస్తాం అన్నారు. స్టోరుకు రాస్తే, మేం వసూలే చేయలేదు కాబట్టి ఏఆర్‌ఎన్ ఉండదు, మీ బ్యాంకునే అడగండి అన్నారు. ఇక్కడ స్టోరు చెప్పింది నిజం. వసూలు అంచె దాకా వెళ్లిన లావాదేవీకే ఏఆర్‌ఎన్ పుడుతుంది. హోల్డ్‌కి ఉండేది ఆథరైజేషన్ కోడ్ మాత్రమే. ఆ కోడ్ స్టోరు దగ్గరా ఉంది, బ్యాంకు దగ్గరా ఉంది, డబ్బు గలవాళ్ల దగ్గర మాత్రం లేదు. దాన్ని అడగాలన్న సంగతి ఫోనులో మాట్లాడిన బ్యాంకు ఉద్యోగికీ తెలియదు. పాపం అతన్ని అనను, ఎవరూ నేర్పలేదు.

ఈలోగా కాలేజీ ఫీజు గడువు దాటింది. తండ్రి దింపు మేస్త్రి దగ్గర చేబదులు తెచ్చి జరిమానాతో కలిపి కట్టాడు. ఆ తర్వాత ఓ పొద్దున బ్యాలెన్సు చూస్తే సొమ్ము ఖాతాలోనే ఉంది. హోల్డ్ కాలం తీరి దానంతటదే వచ్చేసింది. పోయేటప్పుడు మెసేజీ వచ్చింది గానీ, వచ్చేటప్పుడు ఏ మెసేజీ లేదు.

కోనసీమలో కొబ్బరి వ్యాపారి తోటకు బయానా ఇచ్చాడంటే ఫలానా తేదీకి దింపు అని ఇద్దరికీ తెలుసు. ఆ తేదీకి రాకపోతే కాయ ఎవరిదో, బయానా ఎవరిదో నోటిమాటగానే తేల్చుకుంటారు. రాతకోతలు, కంప్యూటర్లు, ఓటీపీలు అన్నీ ఉన్న ఈ బేరంలో ఆ ఒక్క తేదీ ఎందుకు లేదు?

రిజర్వు బ్యాంకు వారికి ఒక విషయం ప్రత్యేకంగా విన్నవిస్తాను. 2019 సెప్టెంబరు 20న మీరిచ్చిన సర్క్యులర్ వల్ల మా వాళ్లకు ఎంతో మేలు జరిగింది. ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టినప్పుడు ఖాతాలో డబ్బు తెగి, వ్యాపారికి నిర్ధారణ అందకపోతే, లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లోగా వెనక్కి వేయాలన్నారు. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం, అదీ ఖాతాదారు అడగకుండానే ఇవ్వాలన్నారు. దాన్ని చూపించి మా సెంటర్ నుంచే ఎందరికో డబ్బు ఇప్పించాం. కానీ ఆ రక్షణ విఫలమైన లావాదేవీలకు. ప్రీ-ఆర్డర్ హోల్డ్ విఫలం కాలేదు, సవ్యంగా పడింది, ఆ తర్వాత ఆర్డరు రద్దయింది. రద్దు చేసింది కస్టమరే కాబట్టి ఇది మా కిందికి రాదని బ్యాంకులు అంటున్నాయి. అదే సర్క్యులర్‌లో విఫల లావాదేవీ అంటే ఏమిటో చెప్పినచోట, రివర్సల్ మొదలుపెట్టడంలో జరిగే ఆలస్యం కూడా లెక్కలోకి వస్తుందని ఉంది. రద్దయిన ఆర్డరు తాలూకు హోల్డ్‌ని స్టోరు వదలకుండా కూర్చుంటే అది ఆ ఆలస్యం కిందికి వస్తుందా, రాదా? వస్తుందని ఒక్క వివరణ ఇవ్వండి. రాదంటారా, వచ్చేలా ఒక వాక్యం చేర్చండి.

బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు కదా అంటారేమో. 2021లో తెచ్చిన సమీకృత పథకం మంచిదే. 14448కి ఫోను చేస్తే దారి చెబుతున్నారు, ఆ నంబరు మా గోడ మీదే రాసుకున్నాం. కానీ ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి, వచ్చిన జవాబు నచ్చకపోతేనో, 30 రోజులు ఆగినా జవాబు రాకపోతేనో అక్కడికి వెళ్లాలి. 30 రోజులు గడిచేసరికి హోల్డ్ దానంతటదే తీరిపోతుంది, డబ్బు వచ్చేస్తుంది, ఫిర్యాదు చేయడానికి ఏమీ మిగలదు. ఫీజు గడువు దాటినందుకు కట్టిన జరిమానా ఏ కాగితం మీదా ఉండదు. ఇన్ని ఇళ్లల్లో జరుగుతున్నా ఈ ఇబ్బంది ఎవరి లెక్కల్లోకీ ఎక్కకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. అందుకే ఫిర్యాదుగా కాక బహిరంగంగా రాస్తున్నాను.

ఇక స్టోర్లవారికి. బీటా అంటే గేము పూర్తిగా తయారు కాకముందు చేసే పరీక్ష. లక్షలమంది ఒకేసారి లోపలికి వస్తే సర్వర్లు తట్టుకుంటాయో లేదో, ఎక్కడ ఆగిపోతోందో ఆటగాళ్ల చేత చూపించుకోవడం. అంటే కుర్రాళ్లు మీ పని చేసిపెడుతున్నారు. ఆ పని చేసే అవకాశానికి ముందుగా పూర్తి ధర పట్టి ఉంచుతున్నారు. దానికి బదులుగా వాళ్లకు దొరికేది ఎంత? 2021లో బ్యాటిల్‌ఫీల్డ్ 2042 బీటా ప్రీ-ఆర్డర్ చేసినవాళ్లకు అక్టోబరు 6న తెరిచారు, అందరికీ 8న తెరిచారు. రెండు రోజుల తేడా. 2023లో డయాబ్లో 4కి ముందస్తుగా కొన్నవాళ్లకు మార్చి 17న, మిగతావాళ్లకు 24న. వారం తేడా. 2024లో కాంకర్డ్ అనే గేముకి జూలైలో ముందస్తు బీటా పెట్టారు, ఆగస్టు 23న విడుదల చేశారు, ఆడేవాళ్లు లేక సెప్టెంబరు 6న మూసేశారు. కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చారు, అందుకు మెచ్చుకోవాలి. ముందుగా కొనడమంటే ఏం కొంటున్నామో తెలియకుండా కొనడమని అది చూశాక ఎవరికైనా అర్థమవుతుంది. అందుకే మనసు మార్చుకునే హక్కు ఇందులో మిగతా సరుకులకంటే గట్టిగా ఉండాలి. పేరుకి ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు అని రాసి, సొమ్మును మాత్రం నెల దాకా వదలకపోతే ఆ హక్కు సగమే ఇచ్చినట్టు.

మీ వైపు ఇబ్బందీ నాకు తెలుసు. పనిచేయని కార్డు ఇచ్చి బీటా కోడ్ పట్టుకుపోయేవాళ్లు ఉంటారు. కోడ్ రాగానే రద్దు కొట్టేవాళ్లూ ఉంటారు. కార్డు సరిచూసుకోవడం మీ అవసరం, కాదనను. రెండు రూపాయల హోల్డ్‌తో ఆ పని జరిగిపోతుంది. రద్దు చేసినవాడి కోడ్ పనిచేయకుండా ఆపేయడం మీ చేతిలో పని. మొత్తం ధరను తాకాల్సిన అవసరం ఎక్కడుంది? లేదు, మాకు మొత్తం కావాల్సిందే అంటే నేరుగా వసూలు చేసుకోండి, వసూలు చేశామని చెప్పండి, రద్దయితే వాపసు వేయండి. అప్పుడు ఏఆర్‌ఎన్ అన్నా ఉంటుంది, పట్టుకుని అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. డాలర్లలో అమ్మే స్టోర్లు మాత్రం ఈ దారి పట్టొద్దని కోరుతున్నాను. వసూలై మళ్లీ వాపసు వచ్చేసరికి మారకం రేటు మారుతుంది, బ్యాంకు వేసే విదేశీ లావాదేవీ ఛార్జీ చాలాసార్లు తిరిగి రాదు, ఆ తేడా కుర్రాడి నెత్తినే పడుతుంది.

డబ్బు వసూలు చేయబోమని పెద్ద అక్షరాల్లో రాసి, పట్టి ఉంచుతామని లోపలి పేజీలో రాయడం గురించి కూడా ఒక మాట. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్స్, అంటే కొనేవాళ్లను తప్పుదారి పట్టించే పేజీ ఎత్తుగడల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో చెప్పిన 13 రకాల్లో, ఒక సమాచారాన్ని ఎత్తి చూపించి దానికి సంబంధించిన ఇంకో సమాచారాన్ని మరుగున పెట్టి కొనేవాడిని దారి తప్పించడం ఒకటి. మీ పేజీని ఆ కళ్లతో ఒకసారి చూసుకోండి. కార్డు నంబరు అడిగే పెట్టె పైనే, ఇంత సొమ్ము మీ ఖాతాలో ఫలానా తేదీ దాకా పట్టి ఉంచుతాం, ఈలోగా మీరు వాడుకోలేరు అని తెలుగులో ఒక్క వాక్యం పెట్టండి. గేము లోపల మాటలన్నీ తెలుగులోకి మార్చమని అడగడం లేదు. డబ్బు సంగతి ఒక్కటి మార్చండి. రద్దు బటన్ నొక్కిన వెంటనే రివర్సల్ వెళ్లేలా చూడండి. రద్దు మెయిల్‌లో ఆథరైజేషన్ కోడ్, రివర్సల్ పంపిన తేదీ, సమయం వేయండి. ఆ మెయిల్ చేతిలో ఉంటే బ్యాంకు కౌంటర్ దగ్గర మా వాళ్లు నిలబడి మాట్లాడగలరు.

బ్యాంకులవారూ, ఈ పని మీకు కొత్త కాదు. కంపెనీ మొదటిసారి షేర్లు జనానికి అమ్మే ఐపీఓకి దరఖాస్తు పెడితే డబ్బు ఖాతాలోనే ఉంచి బ్లాక్ చేసే పద్ధతి 2008 నుంచి ఉంది. అమలాపురంలో, భీమవరంలో ఎందరో దాన్ని వాడుతున్నారు. యూపీఐలో మ్యాండేట్, అంటే సొమ్ము బ్లాక్ చేయడానికి ఇచ్చే అనుమతి, ఒప్పుకునే ముందే ఎంత సొమ్ము, ఏ తేదీ దాకా అని ఫోనులో కనబడుతుంది. పొదుపు ఖాతాలో బ్లాక్ అయి ఉన్నన్నాళ్లూ దానికి వడ్డీ వస్తుంది. షేర్లు రాకపోతే వదిలేస్తారు. షేర్లు కొనేవాడికి ఇవ్వగలిగిన మర్యాద రెండు వేలో నాలుగు వేలో పెట్టి గేము కొనే కుర్రాడి తల్లికి ఎందుకు ఇవ్వలేరు? మెసేజీలో డెబిట్ అని కాకుండా, ఫలానా స్టోరు కోసం ఇంత సొమ్ము ఫలానా తేదీ దాకా పట్టి ఉంచాం అని పంపండి. వదిలినప్పుడు వదిలామని ఇంకో మెసేజీ పంపండి. స్టోరు రాసిచ్చిన రద్దు మెయిల్ పట్టుకుని ఖాతాదారు వస్తే, స్టోరుతో నిర్ధారించుకుని మీరే హోల్డ్ తీసేసే పద్ధతి ఒకటి ప్రతి బ్రాంచీలోనూ ఉండాలి. ఫోను ఎత్తే ఉద్యోగులకు హోల్డ్‌కీ వసూలుకీ తేడా ఒక పూట కూర్చోబెట్టి చెప్పించండి.

బ్రాంచీకి వెళ్లి అడగొచ్చు కదా అంటే, మా చోటు చూసి మాట్లాడండి. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మధ్య లంకల్లో ఉన్నవాళ్లకు బ్యాంకుకు వెళ్లడమంటే పడవ దాటాలి, లేదా కాజ్‌వే దాటాలి. జూలై, ఆగస్టుల్లో వరద వస్తే కనకాయలంక కాజ్‌వే లాంటివి నీళ్లలో మునుగుతాయి. కాలేజీ ఫీజులు కట్టే రోజులూ అవే. అప్పుడు ఖాతాలో ఉన్న నాలుగు వేలే ఇంటికి ఆధారం, దాన్ని ఫోనులోంచే విడిపించుకునే వీలుండాలి.

పిల్లలున్న తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మీరు మారేదాకా మేం చేతులు కట్టుకుని కూర్చోలేం. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2020 నుంచి ప్రతి కార్డుకీ ఆన్‌లైన్ వాడకాన్ని, విదేశీ వాడకాన్ని విడివిడిగా ఆపుకోవచ్చు, రోజుకు ఇంత అని హద్దు పెట్టుకోవచ్చు. బ్యాంకు యాప్‌లోనే ఉంటుంది. ఇంటి ఖర్చు డబ్బు పడే ఖాతా కార్డుకి విదేశీ వాడకం ఆపేసి ఉంచండి. పిల్లలకు విడిగా చిన్న ఖాతా తెరిచి, వాళ్లు ఖర్చు పెట్టుకునేది మాత్రమే అందులో వేయండి. ఎలా చేయాలో తెలియకపోతే మా సెంటర్‌కి రండి, డబ్బులు తీసుకోకుండా చేసిపెడతాను.

పైన చెప్పిన ఇంటివాళ్ల అనుమతితో స్టోరు పంపిన మెయిళ్లు, బ్యాంకు మెసేజీలు, ఫిర్యాదు నంబర్లు అన్నీ ఖాతా వివరాలు కనపడకుండా జాగ్రత్త చేసి పెట్టాను. మీలో ఏ విభాగం వారు అడిగినా ఆ రోజే పంపిస్తాను. వచ్చే సెమిస్టర్ ఫీజుల గడువు పడేలోగా కనీసం ఆ మెసేజీ మాటనైనా మార్చమని కోరుతున్నాను.

ఇట్లు,
రాజోలులో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్న ఒక పౌరుడు